పంట రుణానికి వచ్చిన రైతుకు పాలసీ అంటగట్టడం ఆపాలి

సంపాదకులకు నమస్కారం.

మృగశిర కార్తె ప్రవేశించడంతో నల్లగొండ, మహబూబ్‌నగర్ జిల్లాల్లోని బ్యాంకు శాఖల ముందు పంట రుణాల రెన్యువల్ కోసం రైతులు మళ్లీ బారులు తీరుతున్నారు. 1986 నుంచి 2019 వరకు ముప్పైమూడేళ్లు ఈ జిల్లాల శాఖల్లోనే గుమాస్తాగా, ఫీల్డ్ ఆఫీసరుగా, చివరికి మేనేజరుగా పనిచేసిన నేను, పోయిన వారం మా పక్కింటి రైతుకు తోడుగా ఒక శాఖకు వెళ్లి, కౌంటరుకు ఇవతలి వైపు నిలబడ్డాను. అతని రుణం లక్షన్నర రూపాయలు. కాగితాలన్నీ సరిగా ఉన్నాయి, పాత బాకీ గడువు లోపలే చెల్లించాడు. అయినా సంతకాలు పెట్టే బల్ల దగ్గర కూర్చున్న యువకుడు ఏడాదికి పన్నెండు వేల ప్రీమియం ఉన్న జీవిత బీమా ఫారం ఒకటి ముందుకు జరిపి, ఇది కూడా చేస్తే పని తొందరగా అవుతుందన్నాడు. మా పక్కింటాయన నా వైపు తిరిగి, 'సారూ, గిది వద్దంటే లోను ఆగుతదా?' అని మెల్లగా అడిగాడు. ఆ ప్రశ్నే నా చేత ఈ ఉత్తరం రాయిస్తోంది.

ఆగదు, ఆగకూడదు. పాలసీ కొంటేనే రుణం ఇస్తామని షరతు పెట్టే అధికారం ఏ బ్యాంకుకూ లేదు. రిజర్వు బ్యాంకు 2014 డిసెంబరులో ప్రకటించిన ఖాతాదారుల హక్కుల పత్రంలో అయిదు హక్కులు ఉన్నాయి. ఖాతాదారుకు అవసరమైనది, అతని ఆర్థిక స్థితికి తగినది మాత్రమే అమ్మాలన్నది వాటిలో ఒకటి. ఈ సంగతి బల్ల వెనుక ఉన్నవారికి తెలుసు, బల్ల ముందున్న రైతుకు తెలియదు. విత్తనాలు, ఎరువులు కొనాల్సిన వారంలో, ట్రాక్టరు కిరాయి బాకీ ఉన్న మనిషి ముందు ఒక కాగితం పెట్టి 'తొందరగా అవుతుంది' అంటే, అతనికి అది సలహాగా వినిపించదు, షరతుగానే వినిపిస్తుంది. నోటితో బలవంతం చేయలేదు కదా అని తర్వాత ఎంత వాదించినా లాభం లేదు.

బ్యాంకు తన పథకాలను మనుషుల దగ్గరికి వెళ్లి అమ్ముకోవడం తప్పని నేను అనను. మన దేశంలో సామాన్యులు బ్యాంకు గడప తొక్కిందే అలాంటి అమ్మకం వల్ల. సిండికేట్ బ్యాంకు 1928లో మొదలుపెట్టిన పిగ్మీ డిపాజిట్ పథకంలో ఏజెంట్లు రోజూ ఇంటింటికీ, దుకాణం దుకాణానికీ తిరిగి రెండణాల చొప్పున కూడా వసూలు చేశారు. 1969 జులై 19న 14 బ్యాంకులను జాతీయం చేసిన తర్వాత పల్లెల్లో శాఖలు తెరిచినప్పుడు, ప్రకటనలు చూసి వచ్చి ఖాతా తెరిచినవారు ఎవరూ లేరు. ఫీల్డ్ ఆఫీసరు మోటారు సైకిలు వేసుకుని వెళ్లి రచ్చబండ దగ్గర కూర్చుంటే, ఇద్దరు ముగ్గురితో మొదలై ఊరంతా వచ్చింది. నేను ఉద్యోగంలో చేరిన తొలి సంవత్సరాల్లో మాకూ డిపాజిట్ల సేకరణకు లక్ష్యాలు ఉండేవి, మార్చి నెల వస్తే మాకూ నిద్ర పట్టేది కాదు. అయితే అప్పుడు మేము అమ్మినదానికీ ఎదుటి మనిషి బతుక్కీ ఒక సంబంధం ఉండేది.

మిర్యాలగూడలో ఉండగా రైసు మిల్లుల హమాలీల దగ్గరికి సాయంత్రం పూట వెళ్లేవాడిని. వారికి కూలీ వారం వారం వస్తుంది, ఖర్చూ అలాగే వారం వారం అయిపోతుంది. పిల్లల ఫీజులు మాత్రం జూన్‌లో ఒక్కసారిగా మీద పడతాయి. అందుకే నెలనెలా కట్టే రికరింగ్ డిపాజిట్ గడువు మే నెలాఖరుకు తీరేలా లెక్క వేసి ఖాతాలు తెరిచేవాళ్లం. నకిరేకల్ వైపు బత్తాయి రైతుల పద్ధతి వేరు. తోట గుత్తకు ఇస్తే డబ్బు ఒక్కసారే చేతికి వస్తుంది, ఆ తర్వాత ఏడాదంతా మందులకూ కరెంటు మోటార్లకూ ఖర్చులే. కాబట్టి ఆ డబ్బును మూడు ముక్కలు చేసి, వేర్వేరు గడువులకు ఫిక్స్‌డ్ డిపాజిట్లుగా వేయమని చెప్పేవాళ్లం. ఎవరికి ఏ నెలలో డబ్బు వస్తుందో, ఏ నెలలో పోతుందో తెలుసుకోకుండా నోరు తెరవకూడదని నాకు పని నేర్పిన మేనేజరు పదే పదే చెప్పేవారు. ఆయన చేత నేను తిన్న చీవాట్లలో సగం, రైతును అడగకుండా పథకం పేరు ముందు చెప్పినందుకే.

ఖాతాదారును నిలుపుకోవడం అంటే ఏమిటో నాకు దేవరకొండ దగ్గర ఒక రైతు వల్ల అర్థమైంది. నాలుగెకరాల మెట్ట, ఒక బోరు ఉన్న ఆ రైతు ట్రాక్టరు రుణం కోసం వచ్చాడు. ఆ సంవత్సరం మా శాఖకు ట్రాక్టరు రుణాల లక్ష్యం ఉంది, డీలరు కొటేషను సిద్ధంగా ఉంది, భూమి పత్రాలు సక్రమంగా ఉన్నాయి. సంతకం పెట్టిస్తే నా లెక్కలో ఒకటి పెరిగేది. ఇద్దరం కూర్చుని అతని భూమికీ, కిరాయికి దొరికే పనికీ లెక్క కడితే, వాయిదాలో సగం కూడా వచ్చేలా లేదు. వద్దన్నాను. చిన్నబుచ్చుకుని వెళ్లిపోయాడు. ఏడాదిన్నర తర్వాత బోరు ఎండిందని, ఆ రోజు ట్రాక్టరు తెచ్చి ఉంటే భూమి పోయేదని చెప్పడానికే పదిహేను కిలోమీటర్లు బస్సులో వచ్చాడు. తర్వాత అతని ఇద్దరు కొడుకులు, కోడళ్లు, తమ్ముడి కుటుంబం అందరి ఖాతాలూ మా శాఖలోనే తెరిచారు. నేను బదిలీ అయ్యాక కూడా అవి అక్కడే ఉన్నాయి. ఒక్క రుణం ఇవ్వనందుకు ఏడు ఖాతాలు వచ్చాయని ఏ నివేదికలోనూ రాయలేదు, అలా రాయడానికి గడి కూడా లేదు.

అమ్మిన తర్వాత చేసే పని గురించి కూడా చెప్పాలి, ఎందుకంటే ఈ రోజుల్లో ఎక్కువగా తప్పిపోతున్నది అదే. 2015లో ప్రధానమంత్రి సురక్షా బీమా, జీవన్ జ్యోతి బీమా పథకాలు వచ్చాయి. ఇప్పుడు మొదటిదానికి ఏడాదికి 20 రూపాయలు, రెండోదానికి 436 రూపాయలు ఖాతా నుంచి వాటంతట అవే కట్ అవుతాయి. ఒక్కోదానికి 2 లక్షల రక్షణ ఉంటుంది. ఇంత తక్కువ ఖర్చుతో పేద కుటుంబానికి ఇంత మేలు చేసే బీమా మరొకటి లేదని నేను నమ్ముతాను. అయితే డబ్బు కట్ కావడం వరకు యంత్రం చూసుకుంటుంది గానీ, మనిషి పోయాక ఆ ఇంటివాళ్లకు 'మీకు ఇంత రావాలి' అని చెప్పేది మనిషే. హైదరాబాద్–విజయవాడ జాతీయ రహదారి మీద చిట్యాల దగ్గర జరిగిన ప్రమాదంలో మా ఖాతాదారు ఒకరు, లారీ క్లీనరుగా పనిచేసే కుర్రాడు, చనిపోయాడు. పత్రికలో పేరు చూసి గుర్తుపట్టి, పెద్దకర్మ నాటికి ఊరికి వెళ్లి, అతని తల్లి చేత దరఖాస్తు నింపించాం. ఎఫ్ఐఆర్, పోస్టుమార్టం నివేదిక నకళ్లు తీసుకోవడానికి మా అటెండరు స్టేషను చుట్టూ, ఆస్పత్రి చుట్టూ నాలుగుసార్లు తిరిగాడు. డబ్బు వచ్చిన నెలలో ఆ ఊరి నుంచి అరవై మందికి పైగా వచ్చి, తమ ఖాతాలకు కూడా ఆ బీమా పెట్టమని అడిగారు. మేము ఎవరినీ రమ్మనలేదు, ఒక్క కరపత్రం పంచలేదు.

ఇప్పుడు మా ఇంట్లో జరిగింది చెబుతాను. ఆ శాఖ పేరుగానీ, బ్యాంకు పేరుగానీ ఇక్కడ చెప్పను. అది ఒక్క బ్యాంకుకే పరిమితమైన జాడ్యం కాదు. మా అక్కకు డెబ్బై దాటాయి. బావ పోయిన తర్వాత వచ్చిన డబ్బులో నాలుగు లక్షలు ఫిక్స్‌డ్ వేసుకుంది. 2022లో గడువు తీరి రెన్యువల్ కోసం వెళితే, అంతకంటే మంచిది ఉందని చెప్పి, కుర్చీ వేసి కూర్చోబెట్టి, చాయ్ తెప్పించి, లక్ష రూపాయలకు వేరే కాగితాల మీద సంతకం తీసుకున్నారు. పాలసీ మా మేనల్లుడి పేరు మీద, ప్రీమియం అక్క ఖాతా నుంచి. ఆమెకు అర్థమైంది మాత్రం అయిదేళ్ల ఫిక్స్‌డ్ అని. మరుసటి ఏడాది ఇంకో లక్ష కట్టాలని మెసేజి వచ్చినప్పుడు అది ఏమిటో తెలియక నా దగ్గరికి తెచ్చింది. బీమా కంపెనీకి ఫోన్ చేస్తే, రెండేళ్ల ప్రీమియం పూర్తిగా కట్టకముందే మానేస్తే వెనక్కి ఏమీ రాదని తేల్చి చెప్పారు. శాఖకు వెళితే అమ్మిన అధికారి బదిలీ అయ్యారు, కొత్తవారికి ఏమీ తెలియదు. ముప్పైమూడేళ్లు బ్యాంకులో పనిచేసిన తమ్ముడు ఉండి కూడా ఇలా అయిందని అక్క ఎవరితోనూ చెప్పుకోలేదు. సంతకం పెట్టేముందు నన్ను అడగలేదేమని నేను అంటే, 'బ్యాంకోళ్లే గద చెప్పింది, నీ అసొంటోళ్లే గద' అంది. ఆ మాటకు నా దగ్గర ఇప్పటికీ జవాబు లేదు. మిగిలిన డబ్బంతా ఆమె ఆ శాఖ నుంచి తీసేసింది. ఆమెతోపాటు వాడకట్టులో మరో నలుగురు ఆడవాళ్లు తమ డిపాజిట్లు పోస్టాఫీసుకు మార్చుకున్నారు.

పాలసీ పత్రం చేతికి వచ్చాక నచ్చకపోతే వెనక్కి ఇచ్చేసే గడువు 2024 ఏప్రిల్ 1 నుంచి 30 రోజులు. ఇది ఖాతాదారులకు తెలియాలి. కాగితం తెలుగులో ఉండదు, చాలాసార్లు చేతికే రాదు, ఫోన్‌కు లింకు వస్తుంది. డెబ్బై ఏళ్ల మనిషి ఆ లింకు తెరిచి, ఇంగ్లిషులో నలభై పేజీలు చదివి, నెల లోపల వద్దని రాసి ఇవ్వగలదని ఎవరైనా నిజంగా అనుకుంటున్నారా?

ఇదంతా కౌంటరులో ఉన్న పిల్లల దుర్బుద్ధి అని నేను అనుకోవడం లేదు. వాళ్లలో చాలామంది తెలివైనవారు, కష్టపడి పరీక్షలు రాసి వచ్చినవారు. సాయంత్రం ఆరున్నరకు పై కార్యాలయం నుంచి వీడియోలో సమీక్ష ఉంటుంది. ఈ రోజు ఎన్ని పాలసీలు, ఎన్ని కార్డులు, ఎన్ని మ్యూచువల్ ఫండ్ సిప్‌లు అన్నది మొదటి ప్రశ్న. ఎంతమంది ఖాతాలు మూసుకున్నారన్నది ఎవరూ అడగరు. బీమా కంపెనీ బ్యాంకుకు ఇచ్చే కమీషను మొదటి ఏడాది ప్రీమియం మీద ఎక్కువగానూ, తర్వాతి ఏళ్లలో బాగా తక్కువగానూ ఉంటుంది. కాబట్టి పాలసీ నిలిచినా, ఏడాదికే ఆగిపోయినా, అమ్మిన రోజున వచ్చిన పేరు మాత్రం అలాగే ఉంటుంది. మూడేళ్లకో, అంతకు ముందో బదిలీ తప్పదు గనుక, ఆ ఖాతాదారు రెండో ఏడు తిట్టుకుంటూ వచ్చే సమయానికి అమ్మినవారు అక్కడ ఉండరు. 2024 నవంబరులో ముంబయిలో జరిగిన బ్యాంకర్ల సదస్సులో కేంద్ర ఆర్థిక మంత్రి నిర్మలా సీతారామన్ కూడా, అవసరం లేని బీమాను అంటగట్టడం వల్ల రుణం తీసుకునేవారి ఖర్చు పరోక్షంగా పెరుగుతోందని బ్యాంకర్లకే చెప్పారు. పైన ఆ మాట అన్నా, కింద సాయంత్రం సమీక్ష మారనంత వరకు మా పక్కింటి రైతుకు దాని వల్ల ఒరిగేది ఏమీ లేదు.

మారాల్సింది ఆ సమీక్షలో అడిగే ప్రశ్న. బీమా రంగంలోనే పదమూడో నెల లెక్క అని ఒకటి ఉంది. అమ్మిన పాలసీల్లో ఎన్నింటికి రెండో ఏడాది ప్రీమియం కట్టారన్నది దాని వల్ల తెలుస్తుంది. ఖాతాదారు తెలిసి, ఇష్టపడి కొన్న పాలసీ పదమూడో నెల దాటుతుంది, అంటగట్టినది అక్కడే చచ్చిపోతుంది. ఏ శాఖ, ఏ అధికారి అమ్మిన వాటిలో ఎన్ని నిలిచాయో కంప్యూటరులో ఒక్క మీట నొక్కితే వస్తుంది. పదోన్నతులకూ ప్రోత్సాహకాలకూ ఆ లెక్కను ఆధారం చేసుకుంటే, పరిస్థితి ఒక్క ఏడాదిలో మారుతుందని నా అనుభవం మీద చెబుతున్నాను. మేనేజరు బదిలీ అయినా ఆ లెక్క అతని వెంట వెళ్లాలి.

పాలసీలు అమ్మే బల్ల, రుణాల బల్ల ఒకటే కాకూడదు. రుణం మంజూరై డబ్బు ఖాతాలో పడ్డ తర్వాతే వేరే పథకాల ప్రస్తావన రావాలి. అరవై దాటినవారికి దీర్ఘకాల పాలసీ అమ్మితే, దాన్ని అమ్మినవారు కాకుండా వేరొక ఉద్యోగి మూడు రోజుల తర్వాత ఫోన్ చేసి, 'ఇది ఫిక్స్‌డ్ డిపాజిట్ కాదు, ఇన్నేళ్లు కట్టాలి, మధ్యలో ఆపితే ఇంత పోతుంది' అని తెలుగులో చెప్పి, ఆ తర్వాతే ముందుకు వెళ్లాలి. ఇందులో పెద్ద ఖర్చేమీ లేదు.

ఇక అమ్మకానికి మించిన అవకాశాలు శాఖ తలుపు ముందే ఉన్నాయి. పంట రుణం 3 లక్షల వరకు 7 శాతం వడ్డీకి ఇస్తారు, గడువు లోపల తిరిగి కడితే కేంద్రం మరో 3 శాతం రాయితీ ఇస్తుంది, అంటే రైతుకు పడేది 4 శాతమే. గడువు తప్పితే ఆ రాయితీ పోతుంది. లక్షన్నర రుణం మీద 3 శాతం అంటే 4,500 రూపాయలు, ఒక ఎకరం పత్తికి పెట్టే ఎరువుల ఖర్చులో పెద్ద భాగం. గడువుకు ఇరవై రోజుల ముందు రైతుకు ఫోన్ చేసి, ఫలానా తేదీ లోపల కట్టమని చెబితే అతనికి ఆ డబ్బు మిగులుతుంది, బ్యాంకుకు బాకీ వసూలవుతుంది. యంత్రం పంపే మెసేజి చాలదా అంటారు. మా పక్కింటాయన ఫోనులో చదవని మెసేజీలు వందల్లో ఉన్నాయి.

పాలమూరు నుంచి ముంబయికీ, పుణెకూ పనికి వెళ్లినవారి సంగతి కూడా ఇలాంటిదే. కేవైసీ (గుర్తింపు పత్రాల) గడువు దాటిందని ఖాతా ఆగిపోతే, వాళ్లు అక్కడి నుంచి ఇంటికి పంపే డబ్బు నిలిచిపోతుంది. ముసలి తల్లిదండ్రులు శాఖకు వస్తే, ఖాతాదారే రావాలంటారు. సంక్రాంతికో, ఉగాదికో ఊరికి వచ్చిన నాలుగు రోజుల్లో శాఖ నుంచి ఒక్కరు ఊరికి వెళ్లి అందరి పత్రాలూ ఒకేచోట తీసుకుంటే సరిపోతుంది. నారాయణపేట వైపు ఒక శాఖలో ఉన్నప్పుడు పండుగ రోజుల్లో మేము అలాగే చేశాం. ఆ ఖాతాలను ఎవరూ వేరే చోటికి తీసుకుపోలేదు.

పేర్లు మారినా జనం బ్యాంకును వదలలేదు, ఇది గమనించాలి. నాగార్జున గ్రామీణ బ్యాంకు 2006లో ఆంధ్రప్రదేశ్ గ్రామీణ వికాస్ బ్యాంకులో కలిసింది. 2025 జనవరి 1 నుంచి దాని తెలంగాణ శాఖలు తెలంగాణ గ్రామీణ బ్యాంకులోకి వచ్చాయి. 2017 ఏప్రిల్ 1న స్టేట్ బ్యాంక్ ఆఫ్ హైదరాబాద్, 2020 ఏప్రిల్ 1న ఆంధ్రా బ్యాంకు, సిండికేట్ బ్యాంకు పెద్ద బ్యాంకుల్లో కలిసిపోయాయి. పాసుబుక్కు రంగు మారింది, బోర్డు మారింది, ఐఎఫ్ఎస్‌సీ కోడ్‌లు మారాయి. అయినా మా ఊళ్లలో పెద్దవాళ్లు అదే శాఖకు, అదే పాత పేరు పలుకుతూ వెళ్లారు. లోపల తమను గుర్తుపట్టే క్యాషియరు ఒక్కరున్నా వారికి చాలు. అలాంటి నమ్మకాన్ని పన్నెండు వేల ప్రీమియం కోసం పోగొట్టుకోవడం బ్యాంకు దృష్టితో చూసినా నష్టమే.

ఖాతాదారులకు ఒక్క మాట. ఇష్టం లేని పాలసీని సంతకానికి ముందే వద్దని చెప్పండి, అప్పుడు రుణం ఆపితే కారణం రాతపూర్వకంగా అడగండి. శాఖలో ఫిర్యాదు ఇచ్చి రసీదు తీసుకోండి. 30 రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చిన జవాబు సంతృప్తిగా లేకపోయినా, ఇలాంటి ఫిర్యాదులు విచారించే రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు ఉచితంగా రాయవచ్చు. సమాచారం కోసం 14448 నంబరుకు ఫోన్ చేయవచ్చు.

జిల్లా కలెక్టరు అధ్యక్షతన మూడు నెలలకోసారి బ్యాంకర్ల సంప్రదింపుల కమిటీ సమావేశం జరుగుతుంది. అందులో పంట రుణాల లక్ష్యం ఎంత, ఇచ్చింది ఎంత అని శాఖలవారీగా చదువుతారు. ఆ పట్టికలో ఇంకో రెండు గడులు చేర్చమని నల్లగొండ, మహబూబ్‌నగర్ జిల్లాల కలెక్టర్లనూ, జిల్లాలో బ్యాంకుల పనిని సమన్వయం చేసే లీడ్ బ్యాంకు మేనేజర్లనూ మీ పత్రిక ద్వారా కోరుతున్నాను. రుణం ఇచ్చిన రోజునే అదే రైతు పేరు మీద లేదా అతని ఇంటివారి పేరు మీద అమ్మిన పాలసీలు ఎన్ని అన్నది ఒకటి, వాటిలో పదమూడో నెల దాటినవి ఎన్ని అన్నది రెండోది. వానాకాలం రుణాల పంపిణీ ఇంకా నడుస్తోంది కాబట్టి, వచ్చే సమావేశం నుంచే దీన్ని మొదలుపెట్టవచ్చు.

ఇట్లు,
ఒక విశ్రాంత బ్యాంకు మేనేజరు,
నల్లగొండ